అప్పు అని పిలవని అప్పులు: నార్పల మండలంలో ఒక చీనీ (బత్తాయి) రైతు బడ్జెట్

2023 ఉగాది వెళ్లిన వారానికి నార్పల మండలం నుంచి ఒక రైతు నా దగ్గరకు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో పాసుపుస్తకాలు, ఎరువుల దుకాణం చీటీలు, తూకం రసీదులు, బోరు బండి వాళ్లు రాసిచ్చిన రెండు కాగితాలు. కూర్చుంటూనే అడిగారు: "పోయిన ఏడు పంట బాగా పండింది సార్. చీనీకి ధర కూడా వచ్చింది. మరి అప్పు ఎందుకు తగ్గలేదు?"

గ్రామీణ బ్యాంకులో ఇరవై రెండేళ్లు ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేసి, ఇప్పుడు అనంతపురంలో రైతు కుటుంబాలకు సేద్యపు బడ్జెట్లు వేసి పెడుతున్నాను. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చాలామంది దగ్గర చీటీలు ఉండవు కనుక జవాబు సగంలో ఆగిపోతుంది. ఈ కుటుంబం దగ్గర చీటీలు ఉన్నాయి, వాటికంటే విలువైనది ఇంకొకటి ఉంది. దాని సంగతి తర్వాత వస్తుంది. వారి అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను. అంకెలన్నీ వారి ఇంటి లెక్కలే.

ఉన్నది ఏమిటి

పదకొండు ఎకరాల ఎర్రనేల. నాలుగు ఎకరాల్లో పన్నెండేళ్ల చీనీ తోట, ఎకరాకు 110 చొప్పున 440 చెట్లు. డ్రిప్పు కింద రెండెకరాల టమాటా. మిగిలిన ఐదెకరాల్లో వర్షాధారపు వేరుశనగ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో వర్షాధారం అంటే ఏమిటో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. రెండు బోర్లలో ఒకటి ఏప్రిల్ వచ్చేసరికి ఎండిపోతుంది. రెండు గేదెలు. ఇంట్లో భార్యాభర్తలు, ఆయన తల్లి, ఇంజనీరింగ్ చదివే కొడుకు, ఇంటర్ చదివే కూతురు.

ఆ మార్చి చివరికి అప్పులు ఇవి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం 1,60,000. బంగారం మీద 2,40,000. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 3,50,000. ఎరువుల దుకాణంలో ఖాతా 86,000. మొత్తం 8,36,000 రూపాయలు.

మొదటి రోజు ఆయన నోటితో చెప్పించుకుని 2022-23 లెక్క వేశాను. చీనీ 32 టన్నులు కోశారు. టన్నుకు క్వింటా సూటు, అంటే తరుగు కింద వ్యాపారి కోసుకునే తూకం, తీసేశారు కనుక డబ్బు వచ్చింది 28.8 టన్నులకే. టన్ను 25,000 చొప్పున 7,20,000. వేరుశనగ ముప్పై క్వింటాళ్లు, 1,80,000. టమాటా బాక్సు బాడుగ, రవాణా, కమీషన్ పోగా 2,20,000. పాల మీద మిగిలింది 48,000. ప్రభుత్వ సాయం 13,500. రాబడి మొత్తం 11,81,500. సేద్యపు పెట్టుబడి, మోటార్ల మరమ్మతు కలిపి 5,05,000. అంటే చేతికి 6,76,500 రావాలి.

ఇంటి ఖర్చు ఎంత అని అడిగితే నెలకు పన్నెండు వేలు అన్నారు. పిల్లల ఫీజులు 1,15,000, వడ్డీలు 1,16,800, ఆ ఏడాది వేసిన రెండు బోర్లకు 2,20,000. ఒక్కొక్కటి ఏడు వందల అడుగులు. కేసింగ్, నీటి పాయింటు చూసినవారికి ఇచ్చింది కలిపి లక్షా పది వేలు. రెండింటిలోనూ నీరు పడలేదు. ఇవన్నీ తీసేసినా ఎనభై వేలు మిగలాలి. ఇంట్లో ఉన్నది తొమ్మిది వేల లోపు. లెక్క కుదరలేదు.

క్యాలెండరు గళ్లు

ఏప్రిల్‌లో వారి ఇంటికి వెళ్లాను. ఏ రైతుకైనా బడ్జెట్ వేసే ముందు ఒకసారి ఇంటికి వెళ్లడం నేను మానను. పొలం లెక్క మగవారు చెబుతారు, ఇంటి లెక్క ఇంట్లోనే దొరుకుతుంది.

"ఇంటి ఖర్చు నెలకు పన్నెండు వేలు కదా" అని నేను కాగితం మీద రాస్తుంటే, ఆయన భార్య వంటింటి గడప దగ్గర నుంచే అన్నారు: "పన్నెండు కాదు సార్, పద్దెనిమిది." లోపలికి వెళ్లి గోడకు వేలాడుతున్న క్యాలెండరు తీసుకొచ్చి నా ముందు పరిచారు.

ప్రతి తేదీ గడిలో పైన ఉదయం పోసిన పాలు, కింద సాయంత్రం పాలు. అది చాలా ఇళ్లలో ఉంటుంది. ఆమె దానితో ఆగలేదు. గడి అంచున పెన్సిలుతో సన్నగా నూనె, గ్యాసు బండ, అత్తకు బీపీ మాత్రలు, బాబు బస్సు పాసు, పెళ్లిలో చదివింపులు. నెల చివరి ఖాళీ గడిలో మొత్తం. పన్నెండు పేజీలు తిప్పి కూడితే 2,16,000 వచ్చింది. నెలకు సరిగ్గా పద్దెనిమిది వేలు. కుదరని లెక్కలో తప్పిపోయిన 72,000 అక్కడ దొరికింది. ఏడాది అంతా పోగా మిగిలింది 8,700 రూపాయలు. ఆయన ఆ అంకె వైపే చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

నేను రైతులకు ఇచ్చే అచ్చు ఫారాలు ఆ రోజు సంచిలోంచి తీయలేదు. "అమ్మా, ఇదే పద్ధతిలో పొలం లెక్క కూడా మీరే రాస్తారా?" అని అడిగాను. ఆయన తల ఊపారు. మరుసటి నెల నుంచి ఆ ఇంట్లో రెండు క్యాలెండర్లు, ఒకటి ఇంటికి, ఒకటి పొలానికి.

జూన్ గుంత

మన దగ్గర రైతులు ఎకరాకు లెక్క వేస్తారు. ఎకరాకు ఇంత పెట్టాం, ఇంత వచ్చింది, ఇంత మిగిలింది అంటారు. వ్యవసాయ శాఖ కరపత్రాల్లోనూ అదే పద్ధతి. ఆ లెక్క తప్పు కాదు, కానీ అప్పు ఎక్కడ పుడుతుందో చూపించదు. అది తెలియాలంటే నెలవారీగా వేయాలి. ఏ నెలలో ఎంత బయటికి పోతుంది, ఎంత లోపలికి వస్తుంది అని.

పాత పద్ధతిలోనే సాగితే 2023 జూన్ ఎలా ఉంటుందో వేసి చూపించాను. వేరుశనగకు దుక్కి, విత్తనం, ఎరువు 65,000. కొడుకు ఫీజు 75,000. టమాటా నాటు 40,000. చీనీకి 20,000. ఇల్లు 18,000. ఊరి వడ్డీ 7,000. మొత్తం 2,25,000. రాబడి పాల మీద వచ్చే నాలుగు వేలు. జూలైలో కూతురి ఫీజుతో, కలుపుతో కలిపి 1,45,000. ఆగస్టులో 85,000. మూడు నెలల్లో పోయేది 4,55,000, వచ్చేది 12,000. ఏటా అదే చోట 4,43,000 రూపాయల గుంత. సెప్టెంబరులో చీనీ డబ్బు రాగానే పూడుతుంది, మళ్లీ జూన్‌కు తెరుచుకుంటుంది.

"మరి ఈ గుంత పోయిన ఏడు దేనితో పూడ్చారు?" అని అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

జూలైలోనే తోట బేరం పెట్టి వ్యాపారి దగ్గర రెండున్నర లక్షలు అడ్వాన్సు తీసుకున్నారు. మందులు, ఎరువులు దుకాణంలో ఖాతా మీద తెచ్చుకున్నారు. మిగిలింది చేబదుళ్లు. ఆయన చెప్పిన అప్పుల జాబితాలో అడ్వాన్సు లేదు. ఎందుకు ఉంటుంది? అది ఆయన పంట డబ్బే కదా, కాస్త ముందుగా తీసుకున్నారంతే.

కానీ అదే సెప్టెంబరులో పక్క తోటవారు, అదే కాయ, టన్ను 28,000కు అమ్మారు. ఈయనకు అడ్వాన్సు నాడే 25,000కు ధర కట్టేశారు. 28.8 టన్నుల మీద టన్నుకు మూడు వేలు, అంటే 86,400. రెండున్నర లక్షలు మూడు నెలలు వాడుకున్నందుకు ఆ కుటుంబం చెల్లించినది అది. నూటికి నెలకు పదకొండున్నర రూపాయల వడ్డీ.

దుకాణం ఖాతా కూడా అంతే. నగదుకు వెయ్యి రూపాయలకు ఇచ్చే మందు సీసా ఖాతా మీద 1,150. ఐదు నెలలకు బాకీ తీరుస్తారు. నూటికి నెలకు మూడు రూపాయలు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అప్పు ఇచ్చినవారిని తలుచుకుని ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అంతకంటే బరువైన రెండు అప్పులను ఆయన అప్పుగా కూడా ఎంచలేదు. పంట ధర తక్కువ అని బాధపడే రైతుల్లో చాలామందికి, ఆ తక్కువలో ఒక భాగం జూన్‌లో చేతిలో డబ్బు లేకపోవడం వల్ల వచ్చిందని ఎవరూ లెక్క వేసి చూపించరు. నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

బడ్జెట్‌లో పెట్టిన అంకెలు

వేరుశనగ దిగుబడి ఎంత పెట్టాలి? ఆయన ఎకరాకు ఆరు క్వింటాళ్లు అన్నారు. తూకం చీటీలు చూస్తే 2018లో ఒకటిన్నర, తర్వాత నాలుగేళ్లు ఐదు, రెండు, ఐదున్నర, ఆరు. ఐదేళ్ల సగటు నాలుగు. మనిషికి పండిన ఏడాదే గుర్తుంటుంది, అది సహజం. బడ్జెట్‌లో మాత్రం నాలుగే పెట్టాలి. దుక్కి నుంచి నూర్పిడి దాకా ఎకరాకు 25,000 ఖర్చు. నాలుగు క్వింటాళ్లతో భాగిస్తే క్వింటా కాయకు 6,250 పడింది. ఆ ఏడాది కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 6,377. ఇంటిల్లిపాదీ పడిన కష్టానికి కూలి వేయకుండానే ఇంత దగ్గరగా ఉంది. అందుకే ఐదెకరాల వేరుశనగను మూడెకరాలకు తగ్గించి, మిగిలిన రెండింటిలో తక్కువ పెట్టుబడితో కంది, కొర్ర వేయమన్నాను. పూర్తిగా మానేయమనలేదు. గేదెలకు ఏడాది పొడవునా వేరుశనగ మేతే ఆధారం.

చీనీ ధర ఇంకా కష్టం. ఐదేళ్లలో ఆయనకు దక్కిన ధరలు టన్నుకు 42,000, 28,000, లాక్‌డౌన్ వచ్చిన 2020లో 12,000, ఆ తర్వాత 18,000, 25,000. సగటు 25,000. వేరుశనగకు సగటు పెట్టినట్టు ఇక్కడ పెట్టలేదు. రెండు చెడ్డ ఏళ్ల సగటు, అంటే 15,000 పెట్టాను. ఎందుకంటే ఇంటి ఖర్చు, ఫీజులు, వడ్డీలు అన్నీ మోసేది ఈ ఒక్క రాబడే. మోసే దూలానికి ఎక్కువ బలం ఉందనుకుని ఇల్లు కట్టకూడదు. ఆయన దీనికి అంత సులువుగా ఒప్పుకోలేదు. "ఇంత తక్కువ పెడితే సేద్యం ఎందుకు చేస్తున్నామో అనిపిస్తుంది సార్" అన్నారు. ఆ మాట అన్యాయం కాదు. ఎక్కువ వస్తే ఏం చేయాలో కూడా అదే కాగితం మీద రాశాం. 15,000కు పైన వచ్చే ప్రతి రూపాయీ మొదట రెండు రూపాయల అప్పుకు.

బ్యాంకుకు మూడు సార్లు

కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిని పంటను బట్టి లెక్కిస్తారు. జిల్లా సాంకేతిక కమిటీ ఎకరాకు ఇంత అని నిర్ణయించిన మొత్తానికి, ఇంటి అవసరాలకు, కోత తర్వాతి ఖర్చులకు పది శాతం, పనిముట్ల నిర్వహణకు ఇరవై శాతం కలుపుతారు. అప్పట్లో మూడు లక్షల వరకు వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడేది. ఈయన పరిమితి ఏనాడో వేరుశనగ మీద కట్టింది. ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే రెవెన్యూ రికార్డు అడంగల్‌లో నాలుగు ఎకరాల చీనీ కూడా వేరుశనగగానే నమోదై ఉంది. పైగా రెండేళ్లుగా గడువు దాటాక కట్టడం వల్ల ఆ మూడు శాతమూ పోయింది.

అడంగల్ సరిచేయించి, భూమి ఎవరిదో చెప్పే 1బి నకలుతో బ్యాంకుకు వెళ్లారు. అప్పట్లో 1,60,000 దాటితే తాకట్టు అవసరం, దానికి పొలం కాగితాలు పెట్టారు. మూడు సార్లు తిరిగాక పరిమితి మూడు లక్షలైంది. పాత 1,60,000 పోను కొత్తగా చేతికి 1,40,000. రెండు రూపాయల వడ్డీకి తెచ్చే బదులు ఇది వాడితే ఏడాదికి 28,000 తేడా. కొడుకు కాలేజీలో అడిగితే సగం ఫీజు అక్టోబరుకు ఒప్పుకున్నారు. ఇంతవరకు ఎవరూ అడగలేదట! ఆమె పొదుపు సంఘం నుంచి లక్ష తీసుకున్నారు. వేరుశనగ తగ్గింపు, ఫీజు వాయిదా పోగా గుంత 3,83,000కు వచ్చింది. అందులో 2,40,000 పూడ్చే దారి దొరికింది. మిగిలిన 1,43,000కు అవసరమైతే చిన్న అడ్వాన్సు తీసుకోవచ్చని రాసుకున్నాం.

జూలైలో ఫోను

2023 జూలై గుర్తుందా? కిలో టమాటా వంద రూపాయలు దాటిపోయి, దేశమంతా దాని గురించే మాట్లాడుకున్న నెల. ఆ నెల మూడో వారంలో ఒక రాత్రి ఆయన ఫోను చేశారు. పక్క ఊళ్లో ఒక రైతు రెండెకరాల మీద కారు కొన్నారట. ఇంకో రెండెకరాలు నాటుతాను, రెండు లక్షలు వడ్డీకి ఇస్తామంటున్నారు, ఏమంటారు అని.

వద్దు అని నేను వెంటనే అనలేదు. అలా అంటే ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. పొలం క్యాలెండరు తీసి ఆమెను చదవమన్నాను. ఎకరాకు పెట్టుబడి 80,000. మామూలుగా వచ్చేది 15 కిలోల బాక్సులు వెయ్యి. బాక్సుకు బాడుగ, రవాణా, కమీషన్ నలభై. అంటే బాక్సు 120 పలికితే గానీ పెట్టిన పెట్టుబడి తిరిగి రాదు. ఇప్పుడు నాటితే మొదటి కోత అక్టోబరులో. ఈ ధర చూసి ఈ నెలలో నాటుతున్న వారందరి కోతా అప్పుడే. "అక్టోబరులో బాక్సు ఎంత ఉంటుందని మీరు రాస్తారు?" అని అడిగాను. అవతల కాసేపు మౌనం. తర్వాత ఆమె గొంతు: "ఆ గడి ఖాళీగానే పెడతాం సార్."

నాటలేదు. జూన్‌లో వేసిన రెండెకరాల మొదటి కోతలు ఆగస్టులో మంచి ధరకే పోయాయి: నాలుగు వందల బాక్సులకు, ఖర్చులు పోగా 1,44,000. సెప్టెంబరులో ధర కుప్పకూలింది. మిగిలిన 1,200 బాక్సుల మీద వచ్చింది 60,000 మాత్రమే, చివరి కోతలు చేలోనే వదిలేశారు. ఆ చివరి ధరకే కొత్త రెండెకరాలూ అమ్మి ఉంటే పెట్టుబడిలో 60,000 పోయేది, వడ్డీ వేరే.

ఆగస్టు టమాటా డబ్బు రావడంతో అడ్వాన్సు అవసరం పడలేదు. ఇందులో అదృష్టం ఉందని ఒప్పుకోవాలి. నా బడ్జెట్ ఆ డబ్బును ఊహించలేదు.

కరువు ఏడాది ఫలితం

1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశానికి అన్నిటికంటే తక్కువ వాన పడిన ఆగస్టు 2023దే. ఊడలు దిగే వేళకు వేరుశనగ చేను వాడిపోయింది. ఎకరాకు ఒకటిన్నర క్వింటా చొప్పున మూడెకరాల్లో నాలుగున్నర. పెట్టుబడి 75,000, రాబడి 29,250. ఐదెకరాలూ వేసి ఉంటే ఇంకో ముప్పై వేలు పోయేవి. కంది, కొర్ర మీద పెట్టిన పదహారు వేలలో పదిహేను వేలు తిరిగి వచ్చాయి.

చీనీ 28 టన్నులే కాసింది. కానీ ఈసారి తోటకు ముగ్గురు వ్యాపారులు వచ్చారు, ఎవరి డబ్బూ ముందుగా ఇంట్లో లేదు. మొదటి ఆయన 19,000 అన్నారు. తొమ్మిది రోజులు ఆగితే 22,000కు తెగింది. సూటు పోగా 5,54,400. అందులోంచి అక్టోబరు మొదటి వారంలోనే రెండు రూపాయల అప్పులో లక్షన్నర కట్టేశారు.

ఏడాది మొత్తం మీద రాబడి 8,64,150, ఖర్చు 9,01,600. లోటు 37,450. అప్పు తగ్గలేదు. 8,36,000 ఉన్నది దాదాపు 8,65,000 అయింది. ఆయన నిరాశపడ్డారు. నేను రెండు మార్చి నెలల లెక్కలనూ పక్కపక్కన పెట్టాను. బంపర్ పంట వచ్చిన ఏడాది మిగిలింది 8,700. కరువు ఏడాది లోటు ముప్పై ఏడు వేలు. రెండు రూపాయల అప్పు మూడున్నర లక్షల నుంచి రెండు లక్షలకు, దుకాణం ఖాతా 86,000 నుంచి 55,000కు దిగాయి. ఆ స్థానంలో ఉన్నది నాలుగు శాతం అప్పు, సంఘం అప్పు. మొత్తం అంకె దాదాపు అదే, అది ఏటా తినే వడ్డీ మాత్రం అది కాదు.

చెట్ల కాపు మార్చడం

గుంత పూడ్చడానికి అప్పు మార్చుకోవడం ఒక దారి. గుంతే పుట్టకుండా చేయడం అసలు పని. దానికి డబ్బు జూన్‌కు ముందే రావాలి. 2024లో ఒక ఎకరం, 110 చెట్లను, మే ఎండలో నీరు ఆపి బెట్టకు వదిలి జూన్ వానలకు పూతకు తెచ్చారు. కాయ మార్చికి వస్తుంది, వేసవిలో రసం దుకాణాల గిరాకీ ఉంటుంది. కానీ ఆ ఎకరంలో 2024 సెప్టెంబరు కాపును పూర్తిగా వదులుకోవాలి. పూత నిలిచిన చెట్టు మీద పూతను పోగొట్టుకోవడానికి ఏ రైతుకూ మనసు ఒప్పదు. ఆయన తల్లి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కొత్త కాపు కూడా పాత కాపు అంత ఉండదు. 2025 మార్చిలో ఐదున్నర టన్నులు వచ్చింది. సూటు పోగా 4.95 టన్నులు, టన్ను 34,000 చొప్పున 1,68,300 రూపాయలు. ఆమె పొలం క్యాలెండరులో మార్చి గడిలో ఆరంకెల రాబడి పడటం అదే మొదటిసారి.

2025 మార్చి చివరికి రెండు రూపాయల అప్పు 80,000. దుకాణం ఖాతా లేదు, సంఘం అప్పు తీరింది. బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది. 2024 అక్టోబరులో బోరు నిధి అని విడిగా 40,000 పెట్టారు, మోటారు వైండింగ్‌కు ఎనిమిది వేలు పోగా 32,000 ఉంది.

మా మధ్య ఇప్పుడు నడుస్తున్న వాదన ఆ బోరు మీదే. రెండో ఎకరం కూడా వేసవి కాపుకు మార్చాలంటే చలికాలంలో నీటి భరోసా కావాలి, కాబట్టి బోరు వేద్దాం అంటారు ఆయన. నిధిలో ఒక బోరు ఖర్చు, లక్షా పది వేలు, పూర్తిగా చేరేదాకా బండిని పిలవవద్దని, ఈలోగా చెట్ల పాదుల్లో వేరుశనగ పొట్టు పరిచి, వేసవిలో టమాటా మానుకుని ఆ నీరు తోటకు మళ్లించమని నేను అంటున్నాను. ఆమె ఇంకా ఎవరి పక్షమూ చెప్పలేదు. జనవరి నుంచి రోజూ బోరు ఎన్ని గంటలు పోస్తోందో మాత్రం పొలం క్యాలెండరు గళ్లలో రాస్తున్నారు.